‘ప్యాలటబుల్’ అంటే పొగడ్త కాదు!

ఇంగ్లిష్‌లో వంటను మెచ్చుకోవాలంటే ‘ప్యాలటబుల్’ అనొద్దని నేను అందరికీ చెబుతుంటాను. డిక్షనరీలో ‘రుచికరమైన’ అనే ఉంటుంది, నిజమే. కానీ ‘ప్యాలట్’ అంటే అంగిలి. అది ఒప్పుకునే రుచి ఉంటే ‘ప్యాలటబుల్’. అంటే ‘పర్లేదు, తినొచ్చు’ అని! పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండినవాళ్లు ఆ మాట వింటే చిన్నబుచ్చుకోరూ? వాళ్లకి ‘డెలిషస్’ అనండి. ముందు ‘వెరీ’ అక్కర్లేదు, ‘చాలా’ అందులోనే ఉంది. ఫ్రెండ్స్ మధ్య ‘టేస్టీ’ చాలు.

మరి ‘ప్యాలటబుల్’ ఎక్కడ వాడాలి? చేదు మందులో తేనె కలిపితే అది కాస్త ప్యాలటబుల్ అవుతుంది. తిండికే కాదు, మాటకీ వాడొచ్చు. మనం ‘మింగుడుపడని నిజం’ అంటామే, ఇంగ్లిష్‌లో అదే ‘అన్‌ప్యాలటబుల్ ట్రూత్’!