బిడ్డ బరువు: మన అంచనా ఎంతవరకు నిజం?

వరంగల్‌లో మనం ఏ వలీమా విందుకు వెళ్లినా పసిపిల్లల గురించి రెండు మాటలు వింటూనే ఉంటాం. ‘మాషా అల్లాహ్, ఎంత బొద్దుగా ఉన్నాడో!’ అన్నది ఒకటి. ‘సన్నగా ఉంటేనేం, వాళ్ల అబ్బా కూడా చిన్నప్పుడు ఇంతే’ అన్నది రెండవది. మొదటి మాటకు తల్లి మురిసిపోతుంది, రెండవ మాటతో ఊరట చెందుతుంది. కాని రెండూ కంటితో వేసిన అంచనాలే.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.8 శాతం మందికి వయసుకు తగిన బరువు లేదు. 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ముగ్గురిలో ఒకరి పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, పక్కింటి బిడ్డతో పోల్చి ‘మావాడు బాగానే ఉన్నాడు’ అనుకోవడం సరైన కొలమానం కాజాలదు. ఎత్తు ఎదగని బిడ్డ చిక్కినట్లు కనిపించకపోవచ్చు. వయసు తెలియనివారికి చిన్నవాడిగానే తోస్తాడు. బొద్దుగా ఉన్న బిడ్డలోనూ రక్తహీనత ఉండవచ్చు.

తూకం వేస్తే నజర్ తగులుతుందని కొందరు పెద్దలు వెనుకాడుతారు. నజర్ నుంచి అల్లాహ్ శరణు కోరుదాం. బిడ్డను తూచడానికి ఆ దుఆ అడ్డు కాదు. అంగన్‌వాడీలో ప్రతి నెలా బరువు చూసి ఎదుగుదల పట్టికలో గుర్తిస్తారు. సాధారణంగా పుట్టినప్పటి బరువు అయిదారు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. పట్టికలోని గీత పైకి సాగకుండా నిలిచిపోయినా, కిందికి దిగినా వైద్యుణ్ణి సంప్రదించాలి.

చాయ్‌లో ముంచిన బిస్కెట్‌తో ఆకలి తీరినట్లుంటుందే గాని పోషణ అందదు. పైగా ఆహారంలోని ఇనుము ఒంటబట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తని పప్పు ఖిచిడీ, గుడ్డు, ఆకుకూర, బాగా ఉడికిన ఖీమా అలవాటు చేయాలి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం బిడ్డ కోసమే. దాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోరాదు.

ఇది తల్లి ఒక్కతె బాధ్యత కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 233వ ఆయతు పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై ఉంచింది. పాలు మాన్పించే నిర్ణయం సైతం ఇద్దరి సమ్మతితో, సంప్రదింపుతో జరగాలని తెలిపింది. కనుక ఈ నెల తన బిడ్డ బరువు ఎంతో తండ్రి కూడా తెలుసుకోవాలని కోరుతున్నాం. బిడ్డ మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు.