బాస్ గిటారు: వాయించు తీరును బట్టి వాద్యము

సంగీత బృందమును సమకూర్చునపుడు గిటారుకును, కీబోర్డుకును, డ్రమ్ములకును విద్యార్థులు పోటీపడుదురు. బాస్ గిటారు తఱచుగా ఏ వాద్యమును దక్కనివాని పాలబడును. దానిని కొనుటయు నంతగా ఆలోచింపకయే జరుగుచుండును. అంగడిలో నెక్కువ మెఱయుచున్నదో, పేరుమోసిన వాద్యకారుని చిత్రములో కనబడినదో, బంధువు లెవరో చవుకగా నిప్పించినదో యింటికి వచ్చును. ఆఱు నెలలు గడచునప్పటికి బిడ్డ తన వ్రేళ్లు నొచ్చుచున్న వనియు, స్వరము తేటగా పలుకుట లేదనియు మొఱపెట్టుకొనును. పెద్దలు “ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది” అని నవ్వుదురు. కొన్నాళ్లకు వాద్యము మూల జేరును.

ఆ సామెత పెక్కుసార్లు సత్యమే. కాని మద్దెల నిజముగా ఓటిదై యుండు సందర్భములును కలవు. బాస్ గిటారు విషయమున నట్టివి మఱింత యెక్కువ. ఎందుకనగా నిది పొడవైన మెడయు, లావైన తంత్రులును, బరువైన కొయ్యయు గల వాద్యము. వాయించువాని చేతికిని, తీరునకును పొసగనిచో సాధనతో మాత్రమే ఆ లోపము తీరదు. కావున వాయించు తీరును ముందుగా తెలిసికొని, దానికి తగిన వాద్యమును, తంత్రులను, ఆంప్లిఫయరును ఎన్నుకొనవలెనే గాని, వాద్యమును ముందు కొని పిమ్మట చేతిని దానికి లోబఱచుట తగదని మా దృఢాభిప్రాయము.

ఈ వాద్యము పుట్టుకయే యిందుకు సాక్ష్యము. పూర్వము పాశ్చాత్య బృందములలో మంద్రస్వరమును పలికించుటకు నిలువెత్తు డబుల్ బాస్ ఉండెడిది. దానిని మోయుట కష్టము. డ్రమ్ములు, ఇత్తడి బాకాలు మ్రోగునపుడు దాని ధ్వని వినబడుట మఱియు కష్టము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ పట్టణమందు లియో ఫెండర్ అను నాయన 1951లో విద్యుచ్ఛక్తితో పనిచేయు ప్రెసిషన్ బాస్‌ను విక్రయమునకు తెచ్చెను. మన వీణకువలె దానికి మెట్లుండుటచే స్వరము కచ్చితముగా పలుకును. ఆ కచ్చితత్వమును బట్టియే దాని కా పేరు వచ్చినది. అనగా వాయించువాని యవసరమే యీ వాద్యమును కల్పించినది. ఆ క్రమమును కొనుగోలుదారుడు తలక్రిందు చేయరాదు.

వాయించు తీరులు ముఖ్యముగా నాలుగు. మొదటిది వ్రేళ్లతో మీటుట. డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థవారి పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటెడివాడు. ఆయన ముఖ్యముగా వాడినది 1962 నాటి ప్రెసిషన్ బాస్. రెండవది పిక్కుతో మీటుట. లాస్ ఏంజిలిస్‌లో వందలకొలది పాటల ముద్రణలలో వాయించిన కేరల్ కే అను విదుషీమణి పిక్కును పట్టి, తంత్రులపై మెత్తని నమదా నుంచి, ప్రతి స్వరమును తునకవలె తెగగొట్టినట్లు పలికించెను. మూడవది బొటనవ్రేలితో తంత్రిని కొట్టి, చూపుడువ్రేలితో లాగి విడుచుట. లారీ గ్రేహమ్ తన తల్లితో కలిసి వాయించుచుండిన కాలమున బృందములో డ్రమ్ములు వాయించువాడు లేకపోగా, ఆ లోటును తీర్చుటకు తంత్రులనే డ్రమ్మువలె కొట్ట నారంభించెను. నాలుగవది మెట్లు లేని మెడపై వ్రేలిని జార్చి గమకములు పలికించుట. జాకో పాస్టోరియస్ మెట్లు లేని తన జాజ్ బాస్‌ను వాయించిన తీరు 1976లో వెలువడిన ఆయన మొదటి రికార్డులో స్పష్టముగా వినబడును.

ఈ నలుగురిలో నొకరి వాద్యమును మఱియొకరి చేతి కిచ్చినచో నేమగునో యోచింపుడు. ప్రెసిషన్ బాస్‌కు 1957 నుండి రెండు ముక్కలుగా చీలిన పికప్పు కలదు. దాని పలుకు నిండుగా, గంభీరముగా నుండి బృందమునకు పునాది వేయును. 1960లో వచ్చిన జాజ్ బాస్‌కు రెండు పికప్పులు కలవు. అందొకటి బ్రిడ్జికి దగ్గఱగా నుండుటచే స్వరము బిగువుగా, స్పష్టముగా వచ్చును. దాని మెడ మొదట సన్నముగా నుండుటచే చిన్న చేతుల కది సుఖము. బొటనవ్రేలితో కొట్టువారికి మెఱుపుగల ధ్వని కావలెను గనుక వారు తఱచుగా జాజ్ బాస్‌నో, బ్యాటరీతో పనిచేయు వాద్యమునో కోరుదురు. గీతమునకు తోడుగా నిలుకడగా మంద్రస్వరమును పట్టువానికి ఒక్క పికప్పు గల సరళమైన వాద్యమే చాలును. బ్యాటరీ గల దానిలో మంద్ర, తారధ్వనులను వాద్యముమీదనే పెంచవచ్చును గాని, కచేరీ నడుమ బ్యాటరీ ఉడిగినచో ధ్వని యంతయు నాగిపోవచ్చును. అట్టివానిలో వాయింపు ముగియగానే తీగను ఊడదీయుట మఱవరాదు.

ఇక చేయి, భుజము. సాధారణమైన బాస్ గిటారు తంత్రి మ్రోగు నిడివి 34 అంగుళములు. మామూలు విద్యుత్ గిటారునకు అది సుమారు 25 అంగుళములు మాత్రమే. మొదటి మెట్ల యొద్ద మెట్టునకు మెట్టునకు ఎడము హెచ్చుగా నుండుటచే పండ్రెండేండ్ల బాలునికిగాని బాలికకుగాని వ్రేళ్లు చాలవు. ఇట్టివారికి 30 అంగుళముల నిడివి గల చిన్న బాస్‌లు కలవు. అవి పిల్లల యాటవస్తువు లని కొందఱు తలంతురు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్ నగరమున కొని, బీటిల్స్ బృందముతో ప్రపంచమంతట వినిపించిన హాఫ్నర్ బాస్ అట్టి చిన్నదే. ఫిడేలు ఆకారముగల ఆ వాద్యము రెండు ప్రక్కల సమానముగా నుండుటచే ఎడమచేతివాడైన ఆయనకు నప్పినది. ఆయన చేతికి తగినదానిని ఎన్నుకొనెను గాని పెద్దదానిని గాదు. “బిడ్డ పెరుగును గదా, పెద్దదే కొందము” అను తలిదండ్రులకు మా మనవి యిది: చొక్కా వదులుగా నున్నచో నష్టము లేదు; వాద్యము పెద్దదైనచో మణికట్టు వంగి, నొప్పి పుట్టి, సాధనయే మానుట జరుగును. బరువును గూడ చూడవలెను. 4 కిలోలకు మించిన వాద్యమును గంటసేపు భుజమున మోయు విద్యార్థికి వెడల్పైన పట్టీ విలాసము కాదు, అవసరము.

నాలుగు తంత్రులా, అయిదా యని చాలమంది యడుగుదురు. నాలుగింటిలో మిక్కిలి మంద్రమైన తంత్రి సెకనునకు సుమారు 41 కంపనములు చేయును. అయిదవ తంత్రి 31 వఱకు దిగును. చిన్న స్పీకర్లు ఆ స్వరమును సరిగా పలికింపనే లేవు. గాయకుల గొంతునకు తగినట్లు శ్రుతిని మార్చుచు వాయింపవలసిన వివాహ కచేరీలలోను, ఆరాధన గీతములలోను అయిదవ తంత్రి యుపయోగమే. ఐనను ఆరంభదశలో నాలుగు తంత్రుల నదుపులో నుంచుటయే చాలినంత పని. మీటని తంత్రులు తమంతట తాము మ్రోగకుండ నదుముట ఈ విద్యలో సగము. తంత్రి యొకటి పెరిగినచో ఆ పనియు పెరుగును.

తక్కువ వ్యయముతో నెక్కువ మార్పు తెచ్చునవి తంత్రులు. నున్నని చుట్టు గలవి మెత్తగా, ముదురుగా పలుకును, వ్రేలి రాపిడి చప్పుడు చేయవు, చాలకాలము మన్నును. జేమర్సన్ వాడినవి యివియే. వాని నాయన మిక్కిలి యరుదుగా మార్చెడివాడు. గుండ్రని చుట్టు గలవి పియానోవలె మెఱుపుతో మ్రోగును గాని మెట్లను త్వరగా నరుగగొట్టును. పాత వాద్యము ధ్వని నచ్చక క్రొత్తదాని కొఱకు పట్టుబట్టు విద్యార్థి ముందుగా తంత్రులు మార్చి చూడవలెను. తండ్రి జేబునకు దీనికంటె మేలైన సలహా లేదు.

వాద్యముపైననే సొమ్మంతయు వెచ్చించి, ఆంప్లిఫయరు సంగతి మఱచుట తఱచుగా కనబడు పొరపాటు. మంద్రధ్వనికి గాలిని విస్తారముగా కదపవలెను. మానవుని చెవి యా ధ్వనులను తక్కువగా గ్రహించును. కావున నొకే గట్టితనము తోచుటకు గిటారునకంటె బాస్‌కు చాల హెచ్చు శక్తి కావలెను. ఐతే వాట్లు రెట్టింపైనంత మాత్రమున ధ్వని రెట్టింపు కాదు. పెరుగునది 3 డెసిబెల్‌లే. రెట్టింపు గట్టిగా తోచుటకు సుమారు పదిరెట్ల శక్తి పట్టును. 1960లో వచ్చిన యాంపెగ్ బి-15 అను చిన్న యంత్రము శక్తి 25 వాట్లే యైనను ముద్రణశాలలలో దానికి గొప్ప పేరు కలిగినది. 1969లో వచ్చిన ఎస్.వి.టి. 300 వాట్లది, అది మహాసభల కొఱకు పుట్టినది. ఇంటి గదిలో సాధన చేయువానికి చిన్నదియే చాలును. సభామందిరమున డి.ఐ. పెట్టె ద్వారా మిక్సరునకు కలిపిన పని తీరును. గిటారు ఆంప్లిఫయరులో బాస్‌ను గట్టిగా వాయించినచో స్పీకరు చెడును. సిమెంటు గోడలు గల మన మందిరములలో మంద్రధ్వని గుమగుమలాడుచు గీతపు మాటలను మ్రింగివేయును. అచ్చట పెంచుటకంటె తగ్గించుటయే నేర్పు.

ఇచ్చట ప్రాణముతో ముడిపడిన విషయ మొకటి కలదు. బాస్ తంత్రులు ఆంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును విఱిచియో, ఎర్తు లేని సాకెట్టులో పెట్టియో వాడినచో, తంత్రులను పట్టినవాడు మైకును పెదవితో తాకినపుడు విద్యుద్ఘాతము తగులవచ్చును. క్రొత్త వాద్యము కొనుటకంటె ముందు వేదికమీది ఎర్తును ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించుట నిర్వాహకుల విధి. ఎదిగెడి పిల్లల చెవులను గాచుటయు నట్టిదే. 85 డెసిబెల్‌లకు మించిన మ్రోతలో గంటలకొలది నిలిచినచో వినికిడి చెడును. పోయిన వినికిడి మరల రాదు.

కొన్న పిమ్మటి పోషణయు ఎన్నికలో భాగమే. సముద్రతీరపు జిల్లాలలో వర్షకాలమున కొయ్య చెమ్మను పీల్చి మెడ వంగును. మెడలోపలి ట్రస్ రాడ్డును తెలిసినవాడు కొలదిగా త్రిప్పినచో సరియగును. తంత్రులు మెట్లకు మిక్కిలి యెత్తుగా నున్నచో బ్రిడ్జివద్ద దింపవచ్చును. వ్రేళ్ల నొప్పి యని బిడ్డ చెప్పినపుడు నూటికి నూఱుపాళ్లు సోమరితన మని యెంచక, ముందీ రెండింటిని చూపింపవలెను. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తంత్రులను తుడుచుట తుప్పునకు మంచి మందు.

పేరుగల వాద్యమే మంచి ధ్వని నిచ్చు నని వాదించువారు కలరు. మంచి కంపెనీలవారి పనితనమును మేము కాదనము. కాని జేమర్సన్ వాడినది అంగడిలో నెవరైనను కొనదగిన సామాన్యమైన వాద్యమే. గొప్పతన మాయన వ్రేలిలో నుండెను. అట్లని యెంత చవుకదైనను చాలునను వాదమును సరికాదు. శ్రుతి నిలువని వాద్యము నేర్చుకొనువాని చెవినే పాడుచేయును. ఈ రెంటికి నడుమ నున్నదే మార్గము: శ్రుతి నిలుచునది, చేతికి పొసగునది, వాయించు తీరునకు తగినది. పేరు పిమ్మటి మాట.

కావున విద్యార్థులారా, అంగడికి పోవుటకు ముందు మీకు నచ్చిన పది పాటలను శ్రద్ధగా వినుడు. ఇళయరాజా సంగీతము కూర్చిన పాటలలో బాస్ తనదైన స్వరపంక్తిగా నడచుటను గమనింపుడు. అంగడిలో కూర్చుండియు, నిలుచుండియు పావుగంట వాయింపుడు. ప్రతి తంత్రిని 12వ మెట్టుపై నొక్కి, నొక్కని తంత్రి స్వరమునకు సరిగా పైస్థాయిలో పలుకుచున్నదో లేదో చూడుడు. బిరడలు జాఱుచున్నచో నా వాద్యమును విడిచిపెట్టుడు. తలిదండ్రులారా, బిడ్డను వెంట దీసికొని పోకుండ వాద్యమును కొనకుడు. ఉపాధ్యాయులారా, పాఠశాలలో రెండు నిడివుల వాద్యములను ఒక్కొక్కటి యుంచి, కొనుటకు ముందు పిల్లలను వానిపై వాయింపనిండు. బాస్ వాయించువాని పేరు సభలో నెవరికిని తెలియకపోవచ్చును. కాని యతడు చేయి యెత్తిన క్షణమున పాట యంతయు బోలుపడుట అందఱికిని వినబడును. అట్టి బరువును మోయువానికి చేతికి తగిన వాద్యము నిచ్చుట మన బాధ్యత.