అరువు కోటు

మావాడు కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే గొడవ. కెమెరా కావాలి! ఆషామాషీది కాదు, లక్ష రూపాయలది. "మీ ఫోనుతో తీసిన బొమ్మలు నలుగురిలో చూపించుకోలేం నాన్నా!" అంటాడు. మా ఆవిడది కూడా వాడి పక్షమే. కాదంటే పిసినారినంటారు. ఔనంటే అప్పులపాలవుతాను. అంచేత కథలోకి దిగాను.

"ఒరేయ్, బెర్ట్ హార్డీ పేరు విన్నావా?"

"లేదు."

మీలోనూ కొందరు విని ఉండరు. చెబుతాను. 1938లో లండన్‌లో 'పిక్చర్ పోస్ట్' అనే సచిత్ర వారపత్రిక మొదలైంది. దాని తొలి సంపాదకుడు స్టెఫాన్ లొరాంట్ హంగరీ దేశస్థుడు. హిట్లర్ జైల్లో మగ్గి బయటపడినవాడు. రాజులూ మంత్రులూ సరే, మామూలు మనిషి కూడా బొమ్మకెక్కదగినవాడేనని ఆ పత్రిక పట్టు. బజారుకు వెళ్లే ఇల్లాలు, పని ముగించుకు వచ్చే కూలీ, తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కి కేకలు పెట్టే అమ్మాయిలు - వీళ్లే దానికి నాయికా నాయకులు. కొద్ది నెలల్లోనే వారానికి 10 లక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. జనం తమ ముఖాలు తాము చూసుకోవడానికి డబ్బిచ్చి మరీ కొన్నారన్నమాట!

హార్డీ ఆ పత్రికలో ఫొటోగ్రాఫరు. లండన్‌లో ఓ బీద కుటుంబంలో ఏడుగురు పిల్లలకు పెద్దవాడు. 14వ ఏట బడి మానేసి, ఫిల్ములు కడిగి ప్రింట్లు వేసే చోట పనికి కుదిరాడు. ఓసారి ఐదవ జార్జి రాజూ, రాణీ గుర్రబ్బండిలో పోతుంటే బొమ్మ తీసి, 200 ప్రతులు వేసి అమ్ముకున్నాడు.

1948లో గ్లాస్గో నగరంలో గోర్బల్స్ అనే పేటలోని బీదల బతుకుల మీద పత్రిక బొమ్మలు వేయదలచింది. మొదట బిల్ బ్రాండ్ట్ వెళ్లాడు. ఆయన గొప్ప కళాకారుడే. అయినా ఆ బొమ్మలతో పత్రికవారికి తృప్తి కలగలేదు. అప్పుడు హార్డీని పంపారు. ఆయన తెచ్చినవాటిలో ఒకటి చూడాలి. ఇద్దరు కుర్రాళ్లు చేతిలో చెయ్యి వేసుకుని, ఏదో ఘనకార్యం మీద పోతున్నట్టు వీధిలో నడిచివస్తున్నారు. వాళ్ల చుట్టూ బీదతనం ఉంది, నడకలో మాత్రం లేదు. తాను తీసిన బొమ్మలన్నిటిలో హార్డీకి అదే ఎక్కువ ఇష్టం.

"ఆయన వాడింది ఏ కెమెరా?" అన్నాడు మావాడు, గురి తప్పకుండా.

"లైకా."

"అది ఖరీదైందేగా!" అని వాళ్లమ్మ వైపు చూశాడు.

"ఆగరా! 1951లో అదే హార్డీ, పిల్లలు వాడుకునే బాక్స్ బ్రౌనీ డబ్బా కెమెరా పట్టుకుని బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్లాడు. మంచి బొమ్మకు ఖరీదైన కెమెరా అక్కర్లేదని ఋజువు చేయడానికే! గట్టు మీది కమ్మీలపై ఇద్దరమ్మాయిల్ని కూర్చోబెట్టి తీశాడు. గాలికి గౌను ఎగురుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. ఇవాళ్టికీ ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చే బొమ్మల్లో అదొకటి."

"అన్నీ నవ్వులేనా?" అంది మా ఆవిడ.

కాదు. అంతకు ముందు ఏడే, 1950లో, హార్డీ, రచయిత జేమ్స్ కామెరాన్ కొరియా యుద్ధానికి వెళ్లారు. బ్రిటిషు సైన్యం ఎవరి పక్షాన పోరాడుతోందో ఆ దక్షిణ కొరియా ప్రభుత్వమే రాజకీయ ఖైదీలను హింసపెట్టడం కళ్లారా చూశారు. వ్యాసమూ బొమ్మలూ తెచ్చారు. యజమాని ఎడ్వర్డ్ హల్టన్ అచ్చు వేయవద్దన్నాడు. సంపాదకుడు టామ్ హాప్కిన్సన్ వేయాలని పట్టుబట్టాడు. ఆయన ఉద్యోగం పోయింది. 1957లో పత్రికే మూతపడింది.

మావాడు కాసేపు మాట్లాడలేదు. గోడమీద మా నాన్నగారి ఫొటో వంక చూసి, "తాతయ్య కోటు వేసుకునేవారా?" అన్నాడు.

లేదు. జీవితమంతా పంచె, ఉత్తరీయమే. పల్లెటూరి బడిపంతులు. ఉన్న ఒక్క ఫొటో కోసం స్టూడియోవాడు తన కోటు తొడిగించి, కదలవద్దన్నాడు. సుద్దముక్క పట్టిన ఆ చెయ్యి, పిల్లల మధ్య ఆయన నవ్వు ఏ బొమ్మలోనూ లేవు. మావాడు పుట్టేనాటికే ఆయన పోయారు. వాడికి తెలిసిన తాతయ్య ఆ అరువు కోటులోనే ఉన్నారు.

సాయంత్రం మా అమ్మ పెరట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మావాడు నా ఫోను పట్టుకుని వెళ్లాడు.

"ఉండరా, మంచి చీర కట్టుకొస్తాను" అని ఆవిడ లేవబోయింది.

"వద్దు బామ్మా, నీ పని నువ్వు చేసుకో" అంటున్నాడు వాడు.

కెమెరా సంగతంటారా? వచ్చే నెలకు వాయిదా పడింది లెండి!