మనోవ్యధకు, మత్తుకు ఒకే గడపన చికిత్స

మత్తు మాన్పించడమంటే దుకాణం మూయించడమేనా? 2015లో తెలంగాణ పల్లెలు ఈ ప్రశ్నకు తమ బాధతోనే బదులు చెప్పాయి. కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం కాగా, నిజామాబాదు తదితర జిల్లాలలో నిరుపేదలు చేతుల వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రులకు చేరారు. కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలం వంటి మందులకు అలవాటుపడిన దేహం వాటిని హఠాత్తుగా మానితే ప్రాణాపాయమే. వైద్యుని పర్యవేక్షణలో క్రమక్రమంగా మానాలి.

పొరుగున ఉన్న కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకూ ఈ పాఠం వర్తిస్తుంది. అప్పు, దిగులు, నిద్రలేమి మనిషిని మత్తు వైపు నెడతాయి. మత్తు ఆ దిగులును రెట్టింపు చేస్తుంది. ఒకదానికే వైద్యం చేయడం వేరును వదలి కొమ్మలు నరకడం వంటిది.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనూ, జిల్లా కార్యక్రమం 1996లోనూ ఆరంభమయ్యాయి. 2022లో వచ్చిన టెలి మానస్ 14416 ఓదార్పు నీయగలదు గాని, మూర్ఛను ఆపలేదు. కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రెండు రుగ్మతలనూ గుర్తించి మందులివ్వాలి. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి కనిపెట్టుకొని ఉండాలి. అందుకు తగిన శిక్షణ, ఔషధాల సరఫరా ప్రభుత్వ బాధ్యత. వ్యసనపరుని నిందించడం సులభం. అతని గడప తొక్కి ఆదుకోవడమే ధర్మం.