కెమెరాలు వెళ్లిపోయాక

2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు.

ప్రాణాలతో వస్తారని జనం గట్టిగా నమ్మారు. కారణం ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా. 2023 నవంబర్‌లో అక్కడ ఆరంగుళాల గొట్టంలోంచి పంపిన కెమెరాలో కార్మికుల ముఖాలు కనిపించాయి. 17 రోజులకు 41 మందీ బయటపడ్డారు. ఇక్కడ ఆ గొట్టమూ లేదు, లోపలి నుంచి గొంతూ లేదు. దాదాపు 14 కిలోమీటర్ల లోపల బురద, ఆగని ఊటనీరు, ముక్కలైన బోరింగ్ యంత్రం.

సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి బృందాలు, సిల్‌క్యారాలో పనిచేసిన ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ పోలీసు జాగిలాలు అన్నీ దిగాయి. మార్చి 9న ఒక మృతదేహం, 25న మరొకటి దొరికాయి. ఏప్రిల్ చివరికి గాలింపు ఆగింది. మిగతా ఆరుగురి జాడ దొరకలేదు.

అప్పటికే టీవీ కెమెరాలు సర్దుకున్నాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలు ఈ మౌనాన్ని ఒప్పుకోకూడదు. దేశమంతటా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్విన పాలమూరు కూలీలు ఈ ఊళ్లవాళ్లే. పరాయి రాష్ట్రంలో పని ప్రమాదం జరిగితే ఇంటికి కబురు ఎంత ఆలస్యంగా చేరుతుందో వీళ్లకు చెప్పనక్కర్లేదు.

సొరంగం పైకప్పు ఎందుకు కూలిందో, ముందున్న రాతిపొరలను ఎలా పరీక్షిస్తున్నారో ప్రభుత్వం బహిరంగంగా చెప్పాలి. ఆ నివేదిక ఆరు కుటుంబాలకూ వాళ్ల భాషలోనే అందాలి.