చెయ్యి తీసినా లేవని కార్బన్

ఎంసెట్ కోచింగ్‌లో అందరం బట్టీ కొట్టిందే. కార్బన్‌కి నాలుగు చేతులు, మీథేన్‌లో కోణం 109.5 డిగ్రీలు. నాలుగు బెలూన్ల మూతులు కలిపి కట్టి చూడండి, వాటంతటవే ఆ ఆకారంలోకి పోతాయి. నేలకేసి అదిమితే చదునవుతాయి, చెయ్యి తీయగానే మళ్లీ లేస్తాయి. మీథేన్‌ని అలా చదును చేయాలంటే ఒక కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని తెంపే శక్తి కన్నా ఎక్కువే కావాలి!

మరి చెయ్యి తీసినా లేవని కార్బన్ ఉంటుందా? 1970లో రోల్డ్ హాఫ్‌మన్ బృందం దారి చూపింది. చదును మీథేన్‌లో రెండు ఎలక్ట్రాన్లు ఏ బంధంలోనూ చేరకుండా పనిలేక కూర్చుంటాయి. వాటిని తమవైపు లాక్కుని, బదులుగా బంధాల్లోకి ఎలక్ట్రాన్లు ఇచ్చే పరమాణువుల్ని పక్కన పెడితే సరి అన్నారు.

అలాంటి పొరుగువాళ్లు ఎవరు? 1976లో ష్లేయర్, పోపుల్ బృందం కంప్యూటర్ లెక్కలు వేస్తే లిథియం దొరికింది. ఒకే కార్బన్‌కి రెండు లిథియంలు తగిలించిన సైక్లోప్రొపేన్‌లో చదును రూపమే నయమని తేలింది. ఆ పేపర్ రాసినవాళ్లలో అప్పటి ప్రిన్స్‌టన్ విద్యార్థి జెమ్మిస్ ఒకరు. ఈ కేరళ ఆయన 1980లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చి 2005 దాకా అక్కడే ఉన్నారు. బోరాన్ గూళ్లు నిలబడాలంటే ఎన్ని ఎలక్ట్రాన్ జంటలు కావాలో చెప్పే ‘ఎంఎన్ఓ’ సూత్రం 2001లో అక్కడి నుంచే వచ్చింది. మా చెన్నూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు!

కోడ్ రాసేవాడిగా నాకు నచ్చేది ఇందులోని టెస్టింగ్. ప్రోగ్రాం పరమాణువుల్ని జరుపుతూ శక్తి తక్కువున్న గుంట వెతుకుతుంది. తర్వాత కంపనాలు లెక్కేస్తుంది. ఒక్కటి ‘ఇమాజినరీ’ అని వచ్చినా ఆ ఆకారం జారిపోతుందన్నమాట. అన్నీ పాసైనా పని అయిపోలేదు. పక్కన ఇంకా లోతైన గుంట ఉండొచ్చు కదా. అందుకే చివరి మాట ల్యాబ్‌దే. 1999లో అమెరికాలో లై-షెంగ్ వాంగ్, బోల్డిరెవ్ బృందం నాలుగు అల్యూమినియంల మధ్య చదునుగా కూర్చున్న కార్బన్‌ని ప్రయోగంలో పట్టుకుంది. హాఫ్‌మన్ ప్రశ్నకీ దీనికీ మధ్య 29 ఏళ్లు.

ఈ రోజుల్లో స్క్రీన్ మీద ఏది కనిపించినా నిజమే అనేసుకుంటున్నాం. వీళ్లు మాత్రం తమ లెక్కని తామే కదిపి చూశారు, ల్యాబ్ కోసం ఆగారు. మీరూ చూడొచ్చు. సై4, పైఎస్‌సీఎఫ్ ఉచితం. ఐదు పరమాణువుల లెక్కకి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఈ ఆదివారం మీథేన్‌ని చదునుగా పెట్టి కంపనాలు అడగండి. అది ఎటు జారాలనుకుంటుందో మీకే కనిపిస్తుంది.