ఫోన్ "బాగానే ఉంది" అంటే చాలదు: చిన్న విమానాల రిపేర్ నుంచి మనం నేర్చుకోవాల్సింది

పూర్తిగా చచ్చిపోయిన ఫోన్‌ని రిపేర్ చేయడం తేలికే. అసలు తలనొప్పి అప్పుడప్పుడూ చచ్చి మళ్లీ బతికే ఫోన్‌తో. ఇంట్లో ఫాస్ట్ ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది, షాపుకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా ఛార్జ్ అవుతుంది. పత్తర్‌గట్టి రాతి కమానుల దగ్గర అడిగినా, హైటెక్ సిటీలో ఏసీ సర్వీస్ సెంటర్‌లో అడిగినా ఎక్కువగా వినిపించే జవాబులు రెండే. ఒకటి "బాగానే ఉంది భాయ్". రెండోది "బోర్డ్ మార్చాలి". లోడ్ పెట్టి కొలవకుండా చెప్తే ఈ రెండూ ఊహలే అని నా అభిప్రాయం.

ఇదే సమస్యని ఇంతకంటే సీరియస్‌గా తీసుకునే చోటు ఒకటుంది. 2008 మార్చిలో ప్యాసింజర్ విమానాలు శంషాబాద్‌కి వెళ్లిపోయినా, బేగంపేటలో పైలట్ ట్రైనింగ్ మాత్రం ఆగలేదు. ట్రైనింగ్‌లో వాడే సెస్నా లాంటి చిన్న విమానాల్లో కరెంట్ వ్యవస్థ మన కారులో ఉన్నట్టే ఉంటుంది: ఒక బ్యాటరీ, ఒక ఆల్టర్నేటర్, 14 లేదా 28 వోల్టులు. అల్యూమినియం బాడీనే చాలావరకు గ్రౌండ్ వైరులా పనిచేస్తుంది. అంటే ఒక్క గ్రౌండ్ బోల్టు కింద తుప్పు పట్టినా రేడియో పిచ్చి వేషాలు వేస్తుంది.

బీప్ వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు

ఒక లెక్క చూద్దాం. పాత జాయింట్ ఒకదాంట్లో 0.5 ఓమ్‌ల నిరోధం పుట్టిందనుకోండి. రేడియో వినేటప్పుడు అర ఆంపు తీసుకుంటే పోయేది 0.25 వోల్టులే. ఎవరికీ తేడా తెలియదు. పైలట్ మాట్లాడటానికి బటన్ నొక్కగానే 5 ఆంపులు కావాలి. అప్పుడు 2.5 వోల్టులు ఆ జాయింట్ దగ్గరే ఖర్చయిపోతాయి, 12.5 వాట్ల వేడి కూడా పుడుతుంది. వినపడే రేడియో మాట్లాడబోతే తడబడుతుంది.

అదే జాయింట్‌ని నేల మీద మల్టీమీటర్‌తో చూస్తే చక్కగా "బీప్" అంటుంది. ఎందుకంటే మీటర్ పంపేది చాలా చిన్న కరెంట్, పైగా ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి వైబ్రేషన్ కూడా లేదు. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ లోడ్ నడుస్తుండగా వోల్టేజ్ ఎక్కడ పడిపోతోందో పాయింట్ పాయింట్‌గా కొలుస్తాడు. రేడియో మార్చడం చివరి మాట. ఇంకో తమాషా ఏంటంటే, రేడియోని ఊడదీసి మళ్లీ పెడితే కాంటాక్టులు రుద్దుకుని కొన్నాళ్లు సమస్య మాయమవుతుంది. పాత రేడియోదే తప్పని అందరూ నమ్మేస్తారు.

"లోపం దొరకలేదు" అన్న రిపోర్టుల బెడద ఎంత పెద్దదంటే, దాన్ని తగ్గించడానికే విమానయాన రంగంలో ఏరింక్ 672 అనే మార్గదర్శకం ఉంది. కోడ్ రాసే నాలాంటివాళ్లు "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అనేది కూడా ఇదే జబ్బు.

మన ఫోన్‌కి వస్తే

5 వోల్టులు, 3 ఆంపుల ఛార్జింగ్‌లో కేబుల్, పోర్టు కలిపి 0.3 ఓమ్‌లు ఉంటే 0.9 వోల్టులు దారిలోనే పోతాయి. ఫోన్ జాగ్రత్తపడి కరెంట్ తగ్గించేసుకుంటుంది. ఇంకో సంగతి: బ్యాటరీ 90 శాతం ఉన్నప్పుడు ఫోన్ తీసుకునేదే తక్కువ కరెంట్. నిండుగా ఛార్జ్ చేసి షాపుకి తీసుకెళ్తే లోపం బయటపడదు. 20 శాతం దగ్గర తీసుకెళ్లండి, మీ కేబుల్, మీ ఛార్జర్ కూడా పట్టుకెళ్లండి.

కొన్ని వందల రూపాయల్లో దొరికే టైప్-సీ మీటర్‌ని ముందు ఛార్జర్ దగ్గర, తర్వాత కేబుల్ చివర పెట్టి చూడండి. మధ్యలో వోల్టేజ్ బాగా పడిపోతే తప్పు కేబుల్‌ది. అక్కడ సరిగ్గా ఉండి, కేబుల్‌ని కాస్త కదిపితే కరెంట్ ఎగిరెగిరి పడుతుంటే ముందు పోర్టుని అనుమానించాలి. బోర్డు దాకా ఆ తర్వాతే వెళ్లాలి.

"విమానానికి అయ్యే ఖర్చు రెండొందల రిపేర్‌కి ఎవరు పెడతారు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ పరీక్షకి పట్టేది ఐదు నిమిషాలు. అది మిగిల్చేది ఒక బోర్డు ఖరీదు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మంచిదే. కానీ పార్టులు, మాన్యువల్స్ దొరికితే సగం పనే అయినట్టు. జాబ్ కార్డు మీద బ్యాటరీ ఎంత శాతం ఉన్నప్పుడు, ఏ కేబుల్‌తో, ఎంత లోడ్‌లో పరీక్షించారో మూడు గీతలు రాయాలి. అవి రాయని చోట "బోర్డ్ పోయింది" అంటే వెంటనే డబ్బు తీయకండి. "ఎన్ని వోల్టులు పడిపోయాయి భాయ్?" అని అడగండి. కొలిచినవాడైతే నంబర్ చెప్తాడు.